ఉప్పునీటి గీతలు

ఆ రేవులో ఎవరినైనా వయసెంత అని అడగండి, సంవత్సరం చెప్పరు, తుఫాను చెబుతారు. "రేకుల తుఫాను నాటికి నాకింకా మీసం రాలేదు" అంటాడొకడు. "పిల్లిగాలి తుఫాను ఏడాదే కదూ మా పెద్దది పుట్టింది!" అంటుందొకావిడ. పైకప్పుల ఇనపరేకులన్నీ పేకముక్కల్లా ఎగిరిపోయినది రేకుల తుఫాను. ఒక రోజంతా గాలి పిల్లిలా ఏడ్చినది పిల్లిగాలి తుఫాను. రేకుల తుఫానులో తన కుట్టుమిషను గాల్లోకి లేచి వీధి చివర దిగిందనీ, దిగేసరికి సూది కింద సగంలో ఆగిన చొక్కా చేతులతో సహా పూర్తయిందనీ దర్జీ ఈనాటికీ ఒట్టేసి చెబుతాడు. ఆ చొక్కా ఏదయ్యా అంటే, దాన్ని పిల్లిగాలి ఎత్తుకుపోయిందంటాడు.

గీతల పెయింటరు వయసు మాత్రం పెద్ద ఉప్పెనతో లెక్క. అప్పటికి వాడు పాకే పిల్లవాడు. అమ్మా నాన్నా ఆ నీళ్ళలోనే పోయారు. అక్క అప్పుడు బడికి పోయే పిల్ల. బట్టలు నానబెట్టే తొట్టిలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, అంచు పట్టుకుని ఈదింది. పెద్దయ్యాక పెయింటరు ఈ కథ చెబితే తొట్టి ఊరంతా తిరిగేది, దీపస్తంభాన్ని చుట్టి వచ్చేది, దారిలో ఒక ఆవుకి చోటిచ్చేది. అక్క వింటే ఊరుకునేది కాదు.

"ఊరూ లేదు, ఆవూ లేదు. మన గుమ్మం నుంచి ఎదురింటి మేడమెట్ల దాకా, అంతే. ఆ కాస్త దూరానికే నా ప్రాణం కళ్ళల్లోకొచ్చింది. నువ్వేమో దున్నపోతులా నిద్రపోయావు."

"నిద్రపోయినవాణ్ణి కాబట్టే నాకు బాగా కనబడిందక్కా!"

అక్క చేతిలో ఏదుంటే అది వాడి వీపు మీద పడేది. వాడికి మనవలు పుట్టాక కూడా పడేది.

పిన్ని ఇంట్లో పెరిగారు ఇద్దరూ. అక్క నౌకల గుమాస్తాల బట్టలుతికి వాణ్ణి చదివించబోయింది. వాడికి చదువు అబ్బలేదు, అక్షరాలు మాత్రం అబ్బాయి. కొట్ల బోర్డులు రాసే ముసలి పెయింటరు దగ్గర చేరి, పడవల పేర్లూ నంబర్లూ రాయడం నేర్చాడు. ఒక్క ఊపిరిలో ఒక్క గీత, మధ్యలో శ్వాస తీస్తే గీత అక్కడ ఉబ్బి దానికి కడుపొస్తుందనేవాడు గురువు. ఆ గురువు దగ్గరే ఇంకో పని కూడా వచ్చింది. ప్రతి తుఫాను తరవాత, సముద్రం ఎంత ఎత్తు దాకా వచ్చి పోయిందో ఊరి గోడల మీద గీత గీసి, పక్కన తుఫాను పేరు రాయడం. గిడ్డంగి గోడ మీద ఒకదానిపై ఒకటి ఎన్ని గీతలో! పిల్లలు వాటి పక్కన నిలబడి ఎత్తు చూసుకునేవాళ్ళు.

దానికో పద్ధతి ఉంది. నీళ్ళు ఉండగా గీయకూడదు. పోయాక, బురద ఎండాక, దాని పై అంచుని వేలితో తడిమి ఆ వేలు నాలుక మీద పెట్టుకోవాలి. ఉప్పు తగిలితేనే నీలిపొడి అద్దిన దారం ఆ మట్టానికి బిగించి కొట్టాలి, దాని మీద రంగు లాగాలి. ఉప్పు తగలకపోతే అది సముద్రం కాదు, వాన. "చూరు నీళ్ళకి కూడా గీతలు గీస్తూ కూచుంటే ఊళ్ళో గోడలు చాలవురా" అని గురువు నవ్వేవాడు. పెయింటరు ఆ నియమం తప్పలేదు. ఎన్ని గోడలు నాకాడో వాడికే తెలియదు. "మీ ఆయన ముద్దు పెట్టుకోని గోడ ఊళ్ళో లేదు" అని దర్జీ పెయింటరు భార్యని ఏడిపించేవాడు. "నాకంటే గోడలే అదృష్టవంతులు" అనేదావిడ.

ఆ గీతలు ఊరికి అలవాటైపోయాయి. ఇల్లు అద్దెకి తీసుకునేవాడు కిటికీలూ కుళాయిలూ చూడడు, బయటికొచ్చి గోడ చూస్తాడు. గీత ఉంటే పెదవి విరుస్తాడు, లేకపోతే బయానా ఇస్తాడు. పెళ్ళి మాటల్లో కూడా అబ్బాయి ఉద్యోగం కంటే ముందు ఇల్లు ఏ గీతకి పైన అనే ప్రశ్న వచ్చేది. ఊరి వెనక, సముద్రానికి బాగా దూరంగా, కాలవ దగ్గర ఒక బడి ఉంది. దాని గోడల మీద ఒక్క గీత లేదు. ఉప్పు అంటని గోడ. అందుకే తుఫానొస్తే జనమంతా మూటలు నెత్తిన పెట్టుకుని అక్కడికే. సముద్రానికి వీపు తిప్పి పరిగెత్తడం ఆ ఊళ్ళో నడక నేర్చినప్పుడే నేర్చుకునే విద్య.

అయితే కాలం మారింది. పూర్వం తుఫానులకి ఒక రుతువుండేది, ఒక మర్యాద ఉండేది. ముందు మబ్బు, తరవాత గాలి, ఆ తరవాత సముద్రం, చెప్పి వచ్చే చుట్టాల్లా. ఇప్పుడు ఎండాకాలంలోనూ వస్తున్నాయి. పొద్దున టీ తాగేటప్పుడు చిన్న వాయుగుండం అన్నది, మధ్యాహ్నానికి ఇంతింతై రాక్షసిలా తయారవుతోంది. సముద్రంలో నీళ్ళు కాగబెట్టినట్టు వేడెక్కాయని, దాని కడుపు నింపేది ఆ వేడేనని రేడియోలో చెప్పారు. ప్రభుత్వం వాళ్ళు తీరం పొడుగునా ఎత్తయిన గోడ కట్టించారు. ఆ గోడ కట్టాక సముద్రం ఊళ్ళోకి రాలేదు, నిజమే. కానీ ఊళ్ళో కురిసిన వాన కూడా బయటికి పోలేదు. రెండేళ్ళ కిందట పేరూ ఊరూ లేని ఒక వాన కురిసి బడిలో మోకాలి లోతు నిలిచింది. నీళ్ళు తీశాక పెద్దమేడం పెయింటరుని పిలిపించింది. వాడు మామూలుగా వేలు తడిపి నాలుక్కి రాసుకున్నాడు. ఉప్పు లేదు. గీత గీయలేదు. బురద మరక మీద రెండు పూతలు సున్నం వేసి, గోడని పెళ్ళికూతుర్ని చేసి వచ్చేశాడు.

అక్క ఇల్లు సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. తీరపు గోడని ఆనుకుని ఇసకదిబ్బ మీద ఒక్క గది, ఒక్క వరండా. దాని ముఖాన నడుం ఎత్తున రేకుల తుఫాను గీత, తమ్ముడు స్వహస్తాలతో గీసినది. అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. మంచం మీద నుంచి లేవాలంటే మంచానికీ ఆవిడకీ మధ్య పెద్ద పంచాయితీ జరగాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా తమ్ముడికి ఒకటే గుబులు, అక్కని ఆ దిబ్బ మీద నుంచి ఎలా కదపాలా అని. ఈమధ్య హెచ్చరికలు మరీ ఎక్కువయ్యాయి. తీసుకెళ్ళిన ప్రతిసారీ తుఫాను దారి తప్పి ఎటో పోయేది. అక్క ఒళ్ళు హూనం చేసుకుని తిరిగొచ్చేది.

అందుకే ఆ ఉదయం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని తమ్ముడూ మరదలూ పరిగెత్తుకుంటూ వస్తే, అక్క గోడ వైపు తిరిగి పడుకుంది.

"నేను రాను. మీరు పొండి."

"అక్కా, ఈసారి నిజంగానే..."

"పోయినసారి అబద్ధంగానా? ఒరేయ్, నీకు తెలియదు. అక్కడ మరుగుదొడ్డిలో గొంతుక్కూచోవాలి. నేను కూచుంటే లేవలేను. పోయినసారి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి లేవదీశారు. ఊళ్ళో అందరి బట్టలూ ఉతికినదాన్ని, నన్ను అలా... ఆ సిగ్గు కంటే సముద్రం నయం."

మరదలు మంచం పక్కన కూర్చుని మెల్లగా అంది, "వదినా, మరుగుదొడ్డి సంగతి నాకొదిలెయ్యండి. మీ ప్లాస్టిక్ కుర్చీ ఉంది కదా, దానికి మధ్యలో ఈయన కన్నం కోస్తారు. కింద బకెట్టు పెడదాం. రాణిగారిలా కూర్చోవచ్చు."

"ఆ కుర్చీయా? ఒక్కటే ఉంది నాకు!"

"సింహాసనాలు ఎవరికైనా ఒక్కటే ఉంటాయి" అన్నాడు తమ్ముడు.

అక్కకి నవ్వొచ్చింది. అదే అదను అనుకుని వాడు కిటికీలోంచి బయటి గోడ వైపు వేలు చూపించాడు. "చూడక్కా. నీ గోడ మీద గీతుంది. నా చేత్తో గీశాను, నా నాలుకతో రుచి చూశాను. ఇక్కడికి సముద్రం వచ్చింది, మళ్ళీ వస్తుంది. బడి గోడ మీద గీత లేదు. నా మాట నమ్మకు, పోనీ నా గీతని నమ్ము."

అక్క మంచం మీద ఇటు తిరిగింది. "నీ మాట ఎప్పుడు నమ్మాను కనక! ఆవుని తొట్టిలో ఎక్కించినవాడివి. నీ గీత మాత్రం ఎప్పుడూ వంకర పోలేదు. పద" అంది.

కుర్చీ మధ్యలో కన్నం కోశాడు. కోసిన అంచు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టాడు. అక్కని రంగుడబ్బాల తోపుడుబండి మీద పరుపేసి కూర్చోబెట్టారు. మూటా, మందులూ, నీళ్ళ డబ్బా ఎక్కేసరికి కుర్చీకి చోటు చాలలేదు. "దింపి మళ్ళీ వస్తాలే" అన్నాడు. వీధిలో జనం మూటలతో నడుస్తున్నారు. దర్జీ కుట్టుమిషను భుజాన వేసుకుని ఎదురుపడ్డాడు.

"అక్కగారు రథం మీద బయల్దేరారే!"

"నీ మిషను ఎగురుకుంటూ వస్తుందిగా, మోయడమెందుకు?" అంది అక్క. వీధంతా నవ్వింది. వాన అప్పుడే మొదలైంది, సన్నగా, ఏ తొందరా లేనట్టు.

బడిలో మేడమీది గదులు అప్పటికే నిండిపోయాయి. నిండకపోయినా అక్క మెట్లెక్కలేదు. కింది గదిలో బల్లలు జరిపి చోటు చేశారు. సముద్రం వైపు తలుపుకి ఇసక బస్తాలు నడుమెత్తున పేర్చారు. మరుగుదొడ్లు వెనక ఉన్నాయి కాబట్టి వెనక తలుపు తీసే ఉంచారు. అటు సముద్రం లేదు కదా.

గాలి పెద్దగా లేదు. తుఫాను తీరం దాకా వచ్చి, అక్కడే కదలకుండా కూచుంది. మునుపటివి వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోయేవి. ఇది ఎక్కడికీ పోలేదు. వాన చినుకులు చినుకుల్లా లేవు, ఎవరో పైనుంచి బానలు బోర్లిస్తున్నట్టుంది. ఇదంతా పట్టపగలే. మధ్యాహ్నం దాటాక అక్క ముఖం మాడ్చుకుని మరదలి చెవిలో ఏదో అంది. మరదలు భర్త దగ్గరికొచ్చింది.

"ఏమండీ, కుర్చీ..."

"ఈ వానలోనా?"

"పాపం, పొద్దుట్నుంచి ఉగ్గబట్టుకుని ఉన్నారు. మంచినీళ్ళు కూడా తాగడం లేదు."

వాడు బండి అక్కడే వదిలి బయల్దేరాడు. బజారు వీధిలో నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. వానాకాలపు నీళ్ళే కదా అనుకున్నాడు. దిబ్బ ఎక్కేసరికి కాళ్ళ కింద నీళ్ళు నిలవని ఇసక తగిలింది. అక్క వరండా పొడిగా ఉంది. గది పొడిగా ఉంది. కుర్చీ తీసుకుని, అలవాటు కొద్దీ సముద్రం ఎంత దూరంలో ఉందో చూద్దామని తీరపు గోడ మీదుగా తొంగిచూశాడు. సముద్రం గోడకి చాలా కింద, తిండి తిన్న కుక్కలా మూలుగుతూ పడుకుని ఉంది.

వాడికి మనసు తేలికపడింది. కుర్చీ నెత్తిన బోర్లించుకుని వెనక్కి తిరిగాడు. తిరిగేసరికి బజారు లేదు.

ఎర్రటి నీళ్ళు. బడి వైపు నుంచి వస్తున్నాయి. కాలవ గట్టు తెగింది. పై నుంచి, పొలాల నుంచి, ఊళ్ళ నుంచి వచ్చిన వానంతా రేవు మీద పడి, తీరపు గోడకి కొట్టుకుని, పోవడానికి దారి లేక వెనక్కి తిరిగి లేస్తోంది. కొట్ల బోర్డుల దాకా లేచింది. వాడు నీళ్ళలోకి దిగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తరవాత ఎంత అడిగినా చెప్పలేకపోయాడు.

ఉప్పు లేదు.

"అక్కా!" అని అరిచాడు. ఈదబోయాడు. నీళ్ళు వాణ్ణి తీసుకెళ్ళి ఐసు ఫ్యాక్టరీ కిటికీ ఊచలకి కొట్టాయి. పైకప్పు మీదున్న కూలీలు తాడు వేసి లాగారు. మళ్ళీ దూకబోతే ఇద్దరు మీద కూర్చున్నారు. అక్కడి నుంచి బడి మేడ కనబడుతోంది. మేడ మీద జనం కనబడుతున్నారు. ఎవరెవరో ఆనవాలు తెలియడం లేదు. కింది కిటికీలు కనబడడం లేదు.

ఆ తరవాతి సంగతి భార్య చెబితేనే తెలిసింది. ఆవిడ ఒకేసారి చెప్పలేదు, వంట చేస్తూ ఒక ముక్క, బట్టలు ఆరేస్తూ ఒక ముక్క, నెలల తరబడి చెప్పింది.

నీళ్ళు వెనక తలుపులోంచి వచ్చాయి. ముందు తలుపుకున్న ఇసక బస్తాలు వాటిని బయటికి పోనివ్వలేదు. జనం మెట్ల మీద పడ్డారు. మెట్లు సన్నం, మూటలు లావు. మరదలూ దర్జీ కలిసి అక్కని బల్ల మీదకి ఎక్కించారు, బల్ల మీద ఇంకో బల్ల వేశారు. భుజాల మీద వేసుకుని మెట్ల దాకా తీసుకెళ్ళబోతే జనం తోపులాటలో ముగ్గురూ పడ్డారు. మళ్ళీ బల్ల మీదకే చేర్చారు. నీళ్ళు మరదలి గొంతు దాకా వచ్చాయి.

"నువ్వు పోవే" అంది అక్క.

"పోను వదినా."

"పో. వాడు కుర్చీ పట్టుకుని వస్తాడు. నేనిక్కడున్నానని చెప్పేవాళ్ళు ఉండొద్దూ?"

దర్జీ మరదల్ని జుట్టు పట్టుకుని లాక్కెళ్ళాడు. పై మెట్టు దాకా అక్క గొంతు వినబడిందట. ఏడవలేదు. దేవుణ్ణి పిలవలేదు. "ఒరేయ్ దర్జీ, పిల్ల తల జాగ్రత్త, గోడకి కొట్టకు" అంటోందట. ఆ తరవాత బల్ల గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. ఆ తరవాత అదీ లేదు.

కింది గదిలో అక్కతో పాటు ఇంకా కొందరు పోయారు. అందరూ మెట్లెక్కలేని వాళ్ళే. ఒక పక్షవాతం మనిషి, కళ్ళు కనబడని ఒక ముసలాయన, ఒక పచ్చి బాలింత.

నీళ్ళు తీశాక మునిసిపాలిటీ గుమాస్తా వచ్చాడు. గిడ్డంగి గోడ మీద ఈసారి గీత ఎక్కడ గీయాలని అడిగాడు. గిడ్డంగి దాకా సముద్రం రాలేదని, అక్కడ గీయడానికి ఏమీ లేదని పెయింటరు చెప్పి, దారమూ కుంచే తీసుకుని బడికి నడిచాడు. గుమాస్తా వెంటపడ్డాడు.

"అది వాననీరు కదయ్యా! సముద్రపుదైతేనే గీత. ఇది కాలవల శాఖ వాళ్ళు చూసుకోవాలి."

"మునిగినవాళ్ళు ఏ శాఖ వాళ్ళని అడిగి మునిగారు సార్?"

కింది గదిలో బురద నల్లబల్లకి పైన, పంకా రెక్కలకి కాస్త కింద ఆగింది. పెయింటరు వేలు తడమలేదు, నాలుక్కి పెట్టుకోలేదు. ఆ మట్టానికి దారం బిగించి కొట్టి గీత లాగాడు. తరవాత మోకాలి ఎత్తున గోడని గీకడం మొదలుపెట్టాడు. రెండు పూతల సున్నం పెళ్ళలుగా రాలింది. దాని కింద రెండేళ్ళ నాటి మరక బయటపడింది. దాని మీద కూడా గీత లాగాడు. ఊపిరి నిలవలేదు. వాడి జీవితంలో కడుపొచ్చిన గీతలు ఆ రెండే.

పెద్దమేడం గుమ్మంలో నిలబడి చూసింది. "పిల్లలు భయపడతారేమో" అంది.

"భయపడనివ్వండమ్మా. వాళ్ళకి ఎవరో ఒకరు నిజం చెప్పాలి కదా."

ఆవిడ గీతకి అడ్డంగా ఉన్న బల్లని పక్కకి జరిపింది.

పెయింటరు అక్క ఇల్లు అద్దెకివ్వలేదు, తనూ పోయి ఉండలేదు. జనం వాణ్ణి అడగడం మొదలుపెట్టారు. "ఈసారి ఎటు పరిగెత్తాలి గురువా? సముద్రం వైపా, కాలవ వైపా?" గోడలు చదివి ఊరికి దారి చెప్పినవాడు, తల దించుకుని పక్కసందులోకి తప్పుకునేవాడు. రేపొచ్చేది ఉప్పుదో చప్పదో, ముందు నుంచో వెనక నుంచో వాడికెలా తెలుస్తుంది? దిబ్బ మీద ఇల్లు ఈసారి మిగిలింది. ఇంకోసారి తీరపు గోడే తెగితే? కబుర్లు చెప్పడం మానేశాడు. తొట్టి కథ మనవలు అడిగినా చెప్పలేదు.

కొన్నాళ్ళకి, వాన జాడే లేని ఒక ఎండపూట, భార్యతో ఒక్క మాటా చెప్పకుండా బయల్దేరాడు. వీధిలో మొదటి ఇంటి తలుపు తట్టాడు. చేతిలో కుంచె లేదు, డబ్బా లేదు.

"మీ ఇంట్లో మెట్లెక్కలేని వాళ్ళెవరు?"

ఇంటావిడ తెల్లబోయింది. తరవాత లోపలికి చూసి, "మా అత్తగారు" అంది మెల్లగా.

"తలుపు తీసి ఉంచండి. ఈసారి మబ్బు పట్టకముందే వస్తాం, నేనూ దర్జీ, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు నలుగురూ. ఏ బడీ లేదు, ఏ దూరమూ లేదు. దగ్గరలో ఏ మేడుంటే ఆ మేడ మీదకి, ముందు వాళ్ళనే. మిగతావాళ్ళు తరవాత."

కొన్ని ఇళ్ళలో వాణ్ణి చూసి తలుపేసుకున్నారు, అపశకునం మనిషనుకున్నారు. ఒకావిడ ఏడ్చింది. వీధి చివర, లాంచీ నడిపి మానేసిన ముసలాయన అరుగు మీద కాళ్ళు చాపుకుని ఎండ కాచుకుంటున్నాడు. పెయింటరు ప్రశ్న విని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, మళ్ళీ చెప్పించుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

"ఎక్కగలనోయ్. ఎక్కడమే, దిగడం నా వల్ల కాదు. పైన వదిలేసి మర్చిపోతారేమో!"

పెయింటరు ఆయన పక్కన అరుగు మీద కూలబడ్డాడు. ఆయన మోకాలి మీద చెయ్యేసి అన్నాడు, "మర్చిపోను బాబాయ్. బరువెంతుంటావు నువ్వు? లే, ఒక్కసారి ఎత్తి చూస్తాను."

ముసలాయన "ఇప్పుడా?" అంటూనే రెండు చేతులూ వాడి మెడ చుట్టూ వేశాడు.